చెరువు చేపకు చలికాలపు విడిది

పుష్యమాసంలో తెల్లవారుజామున ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్టమీద నిలబడినవారికి ఒక వింత కనబడుతుంది. గాలి ఒళ్ళు కొరికేటంత చల్లగా ఉంటుంది. వంగి నీటిలో చేయి పెడితే మాత్రం గోరువెచ్చగా తోస్తుంది. గోలుకొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా (1550-1580) పేరు మీద వెలసిన ఊరు ఇది. చెరువు కూడ ఆ కాలపుదేనని చెబుతారు. అంత పెద్ద జలరాశి ఒక రాత్రి చలికి లొంగదు. పగలు పుచ్చుకొన్న వేడిని నిదానంగా విడుస్తుంది. అందులోని రవ్వకు, బొచ్చెకు, బంగారుతీగకు చలికాలం వచ్చినదని తెలియుటకు వారాలు పడుతుంది.

పెరటిలోని కుండీ సంగతి వేరు. డిసెంబరు, జనవరి నెలల రాత్రులలో మా ప్రాంతపు ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. మధ్యాహ్నం 28 డిగ్రీలు దాటుతుంది. రెండు జానల లోతు కుండీలోని నీరు ఈ ఎగుడుదిగుళ్ళను వెంటనే అనుసరిస్తుంది. చేప శరీరానికి స్వంత వేడి లేదు. నీరు ఎంత చల్లనో చేప కూడ అంత చల్లన. 25 నుండి 30 డిగ్రీల మధ్య హాయిగా తిని పెరిగే రవ్వ, బొచ్చె 20 డిగ్రీల దిగువన మేత తగ్గిస్తాయి, మందగిస్తాయి. చలిరోజులలోనే కొరమీనుకు పుండ్ల జబ్బు అంటుకొనుట కూడ ఎక్కువ. కనుక పాఠశాలలోనో, ఇంటి పెరటిలోనో చిన్న కుండీలో చేపలను పెంచేవారు చలికాలానికి వాటిని గదిలోని తొట్టికి మార్చదలచుట సహజమే.

చలిదేశాలలో ఇది ఏటేటా జరిగే పని. అక్కడ కుంటల పైభాగం మంచుగడ్డ కడుతుంది. నీటి సాంద్రత 4 డిగ్రీల వద్ద అత్యధికం గనుక ఆ నీరు అడుగుకు చేరి, గడ్డ పైన తేలుతుంది. లోతైన కుంటలలోని చేపలు ఆ గడ్డ కింద బతుకుతాయి. లోతు లేని కుంటల చేపలను మాత్రం ఇంటిలోనికి తేవలసిందే. అక్కడివారు నేర్చిన పాఠమే మేమూ నేర్చినాము, కాని నష్టపడి నేర్చినాము.

ఒక తొట్టి కథ

కొన్నేండ్ల కింద మా విద్యార్థులు పెరటి కుండీలోని పన్నెండు చేపలను ప్రయోగశాల పక్క గదిలో కొత్తగా కట్టించిన సిమెంటు తొట్టికి మార్చినారు. ఒక్కొక్కటి సుమారు 100 గ్రాములు. తొట్టిలో 500 లీటర్ల బోరునీరు. గాలి పంపు అమర్చినాము. వేరుశనగ చెక్క, తవుడు కలిపి రోజుకు రెండుసార్లు మేత వేసినాము. నీరు అడుగు కనబడేటంత తేటగా ఉన్నది. నాలుగవ రోజు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచినవి. ఐదవ రోజు ఉదయానికి ఏడు చచ్చి తేలినవి.

ప్రాణవాయువు చాలలేదని నేను మొదట అనుకొన్నాను. రెండవ పంపు కూడ పెట్టించినాను. ఫలితం లేకపోయింది. ఆ చేపపిల్లలను మాకు ఇచ్చిన వృద్ధుడైన బెస్తాయన వచ్చి, తొట్టిని చూసి, ఒక్క మాట అన్నాడు: “చెరువు నీళ్ళు పచ్చగుంటయి సారూ, చేప బతుకుతది. మీ నీళ్ళు అద్దమోలె ఉన్నయి, చేప సచ్చింది. తేటగున్న నీళ్ళన్ని మంచి నీళ్ళు కావు.”

ఆ మాటలో రసాయనశాస్త్రం ఉన్నది. చేపలను చంపినది ఏది?

కంటికి కనబడని మలినం

చేప తిన్న మాంసకృత్తులలోని నత్రజని చివరకు అమ్మోనియాగా మారి, ఎక్కువ భాగం మొప్పల ద్వారా నీటిలోనికి వెలువడుతుంది. మనము నత్రజనిని యూరియాగా మార్చి మూత్రంలో విసర్జిస్తాము. చేపకు ఆ శ్రమ లేదు. చుట్టూ ఉన్న నీరే దానిని కడిగివేస్తుంది. చెరువులో ఇది సరిపోతుంది. తొట్టిలో కడిగిన మురికి ఎక్కడికీ పోదు.

లెక్క వేసి చూద్దాము. పన్నెండు చేపల బరువు 1,200 గ్రాములు. అందులో నూటికి 2 వంతున రోజుకు 24 గ్రాముల మేత. మేతలో మాంసకృత్తులు నూటికి 30 అనుకొంటే 7.2 గ్రాములు. మాంసకృత్తులలో నత్రజని సుమారు నూటికి 16 వంతులు, అనగా 1.15 గ్రాములు. ఇందులో సగం అమ్మోనియాగా బయటకు వచ్చిందనుకొన్నా 580 మిల్లీగ్రాములకు దగ్గర. 500 లీటర్లకు పంచితే లీటరుకు రోజుకు 1.15 మిల్లీగ్రాములు. నాలుగు రోజులకు 4.6 మిల్లీగ్రాములు.

ఈ మొత్తమంతా విషం కాదు. నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం గల అమ్మోనియం అయాను. ఇది మొప్పలలోనికి సులభంగా చొరబడదు. రెండవది ఆవేశం లేని అమ్మోనియా, ఇదే ప్రమాదకరం. ఏది ఎంత అనేది నీటి పి.హెచ్. మీద, ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. 20 డిగ్రీల వద్ద విషరూపం పి.హెచ్. 7 అయితే నూటికి 0.4 వంతు, 8 అయితే 3.8 వంతులు, 9 అయితే 28 వంతులు. పి.హెచ్. ఒక్క అంకె పెరిగితే విషం సుమారు పది రెట్లకు చేరుతుందన్నమాట.

చేపల తొట్టిలో విషరూపం లీటరుకు 0.02 మిల్లీగ్రాములు మించకూడదని సాధారణ నియమం. మా తొట్టి నీటిలో పి.హెచ్. కాగితం ముంచి చూస్తే 9 చూపింది. కొత్త సిమెంటులోని సున్నం నీటిలో కరిగిన ఫలితమది. 4.6 మిల్లీగ్రాములలో నూటికి 28 వంతులంటే 1.3 మిల్లీగ్రాములు, హద్దుకు అరవై రెట్లకు పైన. అదే మేత, అవే చేపలు, పి.హెచ్. 7 గల నీటిలో ఉండి ఉంటే విషరూపం 0.018 మాత్రమే; హద్దు లోపలే ఉండేది. మేత మేము వేసినాము, సున్నం గోడ ఇచ్చింది. రెండూ కలిసి ప్రాణం తీసినవి.

చెరువు ఎట్లా తట్టుకొంటుంది?

చెరువులో చేపలు కోకొల్లలు. అక్కడ అమ్మోనియా ఎందుకు పేరుకోదు? కొంత నాచు, పచ్చని సూక్ష్మ వృక్షాలు ఎరువుగా తింటాయి. మిగిలినదానిని బురదమీద, రాళ్ళమీద నివసించే సూక్ష్మజీవులు మార్చివేస్తాయి. నేలలో అమ్మోనియా నత్రితంగా మారుటకు జీవులే కారణమని 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, ముంట్జ్ చూపినారు. 1890లో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ ఆ జీవులను వేరుచేసినాడు. ఒక జాతి అమ్మోనియాను నత్రాయితంగా మారుస్తుంది. మరొక జాతి ఆ నత్రాయితాన్ని నత్రితంగా మారుస్తుంది. రెండు మెట్లూ ఒక్కటే ఎక్కగల నైట్రోస్పైరా జీవులు ఉన్నవని 2015లో తెలిసింది.

మొదటి మెట్టులో పుట్టే నత్రాయితం కూడ విషమే. అది రక్తంలోని హిమోగ్లోబినును ప్రాణవాయువును మోయలేని రూపంలోనికి మారుస్తుంది. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీటిలో ప్రాణవాయువు నిండుగా ఉన్నా చేప ఊపిరాడక చస్తుంది. లీటరుకు ఒక గ్రాము వంతున మామూలు ఉప్పు కలిపితే ఉప్పులోని క్లోరైడు మొప్పల వద్ద నత్రాయితానికి అడ్డుపడి కాపాడుతుంది. ఇక చివరకు తయారయ్యే నత్రితం అంత హానికరం కాదు. మొక్కలకు మంచి ఎరువు.

కొత్త తొట్టిలో ఈ జీవులు చాలినన్ని ఉండవు. అవి స్థిరపడుటకు వెచ్చని నీటిలోనే నాలుగు నుండి ఆరు వారాలు కావలెను. చలిలో ఇంకా ఆలస్యం. చలికి భయపడి హఠాత్తుగా చేపలను లోనికి తెచ్చినవారు ఈ ఆలస్యానికే చిక్కుతారు.

విడిది ముందుగా సిద్ధం చేయవలె

పెండ్లివారు వచ్చిన తరువాత విడిది ఊడ్చేవారు ఉండరు. దసరానాడు తొట్టిని నింపితే కార్తీకమాసం ముగిసేనాటికి ఏడు వారాలు అవుతుంది. ఆ వ్యవధి చాలు.

కొత్త సిమెంటు తొట్టిని నీటితో నింపి, రెండు మూడు రోజులు నిలిపి, పారబోసి, మరల నింపవలె. పి.హెచ్. 8కి లోపు స్థిరంగా నిలిచేవరకు ఇట్లు చేయవలె. ఒక బకెట్టులో గులకరాళ్ళు, ఇటుక ముక్కలు నింపి, గాలి పంపు సాయంతో తొట్టినీరు వాటి గుండా నిరంతరం పారేటట్లు అమర్చవలె. సూక్ష్మజీవుల నివాసం ఆ రాళ్ళే. చిటికెడు మేతను రోజూ వేస్తే అది కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది. జీవులకు అదే ఆహారం. ఇదివరకే నడుస్తున్న, రోగం లేని తొట్టినుండి గుప్పెడు రాళ్ళు తెచ్చి కలిపితే పని త్వరపడుతుంది. ఈ రాళ్ళను కుళాయి నీటితో కడుగకూడదు. అందులోని క్లోరిన్ జీవులను చంపుతుంది.

కుళాయి నీరే గతి అయితే వెడల్పు పాత్రలో ఒక రోజంతా గాలి తగిలేటట్లు ఉంచవలె. తొందర అయితే లీటరులోని ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు 7 మిల్లీగ్రాముల సోడియం థయోసల్ఫేటు చాలును. బోరునీటిలో క్లోరిన్ లేకున్నా ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. దానికీ గాలి పట్టించవలె.

మార్చే రోజు

చేపపిల్లలను అమ్మేవారు వాటిని పంపుటకు ముందు సన్నని వలగుడ్డ హాపాలో మేత లేకుండ ఉంచుతారు. కడుపు ఖాళీ అయితే దారిలో నీరు చెడదు. మనమూ ఒకరోజు ముందు మేత ఆపవలె. మోసేటప్పుడు నీటికంటె గాలికి ఎక్కువ చోటు వదలవలె. తొట్టికి చేరిన తరువాత సంచిని మూసి ఉంచి పావుగంట, అరగంట నీటిపై తేల్చవలె. రెండు నీళ్ళ వేడి సమానమవుతుంది. దూరప్రయాణం చేసిన సంచిని తెరిచి గంటలకొద్దీ నిలుపుట పొరపాటు. మూసిన సంచిలో బొగ్గుపులుసు వాయువు పి.హెచ్.ను తగ్గించి అమ్మోనియాను నిరపాయరూపంలో ఉంచుతుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోతుంది, పి.హెచ్. పెరుగుతుంది, విషం మేల్కొంటుంది. తెరిచిన తరువాత కొద్దిగా తొట్టినీరు కలిపి, చేపలను మాత్రమే వలతో తొట్టిలోనికి వదలి, సంచినీటిని పారబోయవలె.

కొరమీను ఉంటే తొట్టిపైన వలమూత తప్పదు. అది దూకుతుంది. మూతకు, నీటికి మధ్య ఎడం కూడ ఉండవలె. కొరమీను పైకి వచ్చి గాలి మింగనిదే బతుకదు. కొద్దినీటిలో అది నిలుచుటకు కారణం ఇదే. అయితే గాలి పీల్చే చేపకు అమ్మోనియా భయం లేదనుకొనరాదు.

నీరు మార్చుటా, మేత తగ్గించుటా?

చాలమంది నీటి మార్పునే నమ్ముతారు. మా పాత లెక్కనే చూడండి. రోజుకు 1.15 మిల్లీగ్రాములు చేరుతుండగా ప్రతిదినం నాలుగవ వంతు నీరు మార్చినామనుకొందాము. అమ్మోనియా పెరిగి పెరిగి, రోజూ చేరేది, రోజూ పోయేది సమానమైన చోట ఆగుతుంది. ఆ చోటు 4.6 మిల్లీగ్రాములు, ఏలనగా అందులో నాలుగవ వంతు 1.15. అనగా చేపలు చచ్చిన అంకెకే మరల వచ్చినాము! మేతను నాలుగవ వంతుకు తగ్గించి అదే పని చేస్తే 1.15 వద్దనే ఆగుతుంది. చల్లని నీటిలో చేపకు ఆకలి కూడ తక్కువ. కనుక 20 డిగ్రీల దిగువన మేత సగానికి తగ్గించవలె. 15 డిగ్రీల వద్ద దాదాపు ఆపవలె. నీటిని వేడిచేసి మేత పెంచుదామనుకొనేవారు ఒకటి గమనించవలె. పి.హెచ్. 8 వద్ద విషరూపం 20 డిగ్రీలలో నూటికి 3.8 వంతులైతే 30 డిగ్రీలలో 7.5 వంతులు.

సూక్ష్మజీవులు పని సాగించినకొద్దీ నీటిలోని క్షారం ఖర్చవుతుంది, పి.హెచ్. దిగుతుంది. మరీ దిగితే ఆ జీవులే నీరసిస్తాయి. బకెట్టులో కొన్ని సున్నపురాయి ముక్కలు ఉంచితే ఈ లోపం రాదు. తీసిన నీటిని పూలమొక్కలకు పోయండి. నత్రితం వృథా కాదు.

తరగతిలో చేయదగినది

ఉపాధ్యాయులు ఒక తొట్టిని తరగతికి అప్పగించి, రోజూ ఉష్ణోగ్రత, పి.హెచ్., అమ్మోనియా, నత్రాయితం అంకెలను విద్యార్థులచే పట్టికలో వ్రాయించవచ్చు. సంతలో దొరికే పరీక్షా పెట్టె ఇందుకు చాలును. పాదరసం గల నెస్లర్ ద్రావణాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు. మొదట అమ్మోనియా గీత లేచి పడుతుంది. అది పడుతుండగా నత్రాయితం లేస్తుంది. అదీ పడిన తరువాత నత్రితం నిదానంగా పెరుగుతుంది. ఆ మూడు గీతలను స్వయంగా గీసిన విద్యార్థి నత్రజని చక్రాన్ని మరువడు.

ఆ యేటి తరువాత మేము దసరాకే తొట్టి సిద్ధం చేస్తున్నాము. మిగిలిన ఐదు చేపలు మరుసటి వేసవిని చూసినవి. ఆ ఏడు చేపల లెక్క మాత్రం ప్రతి సంవత్సరం నల్లబల్లమీద వేయిస్తాను. ఎందుకంటే అది తొట్టికి మాత్రమే చెందిన లెక్క కాదు. 500 లీటర్లలో నాలుగు రోజులలో జరిగినది చెరువులో ఏండ్ల తరబడి జరుగవచ్చు. ఊరి మురుగు చేరితే అదే అమ్మోనియా. ఎండకు కుదించుకొన్న నీటిలో నాచు విపరీతంగా పెరిగితే మధ్యాహ్నం పి.హెచ్. తొమ్మిదికి చేరుట కూడ అక్కడ సంభవమే. చెరువుకు తనను తాను కడుగుకొనే శక్తి ఉన్నది. ఆ శక్తికి ఒక కొలత కూడ ఉన్నది. ఆ కొలతను తొట్టివద్ద నేర్చినవారు, కట్టమీద నిలబడి నీటిని చూసినప్పుడు తేట ఒక్కటే చూసి తృప్తిపడరు.