ఏసీ నుంచి వాసనా? ఏ వాసన?

ఏసీలోంచి వాసన వస్తే మన ఇళ్ళలో మొదట జరిగే పని రూమ్ స్ప్రే కొట్టడం. లేదంటే అగరొత్తి వెలిగించడం. నా బ్రాంచి భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజ్ చదవకుండా విండో క్లోజ్ చేసేయడం. మా గరివిడిలో ఇప్పుడు చాలా ఇళ్ళకి ఏసీలు వచ్చేశాయి, రాత్రంతా తలుపులు బిగించుకుని పడుకుంటున్నాం. అందుకే ఆ మెసేజ్ చదవడం తెలిసుండాలి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఊళ్ళో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఉంది కదా, ఏ వాసనొచ్చినా "ఏసీ బయట గాలి లాగేస్తంది" అనేస్తారు. మామూలు స్ప్లిట్ ఏసీ బయట గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లటి కాయిల్ మీదుగా మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. ఆ గాలిలో వేడిని రాగి పైపుల్లో తిరిగే గ్యాస్ మోసుకెళ్ళి బయట యూనిట్ దగ్గర వదిలేస్తుంది. అంటే ఇది వేడిని తోడే పంపు. చలి దేశాల్లో ఇదే మెషీన్‌ని అవసరమైతే వెనక్కి కూడా నడిపి ఇల్లు వెచ్చబెట్టుకుంటారు, దాన్ని హీట్ పంప్ అంటారు.

వాసనల విషయంలో మా మామ్మ నాకంటే చాలా నయం. నాకు ఇంగ్లీషులో 'బ్యాడ్ స్మెల్' అని ఒక్కటే వస్తుంది. ఆవిడకి ముక్క వాసన వేరు, కమురు వాసన వేరు, నీచు వాసన వేరు. మెకానిక్‌కి ఫోన్ చేసేటప్పుడు ఆ మాటలే పనికొస్తాయి.

వర్షాకాలంలో ఎక్కువగా వచ్చేది ముక్క వాసన. "గోగునార నానేసిన చెరువులాగ ఉందిరా గది" అంది మామ్మ ఒకసారి. సరిగ్గా పోల్చింది, రెండు చోట్లా పని చేసేది సూక్ష్మజీవులే. మన వైపు గాలిలో తేమ ఎక్కువ. అది కాయిల్ మీద నీళ్ళయి, దుమ్ముతో కలిసి బూజు పడుతుంది. ఫిల్టర్ కడిగినా వాసన పోలేదంటే కాయిల్, దాని వెనక గాలి తోసే గుండ్రటి బ్లోయర్, కింద నీళ్ళ ట్రే కూడా కడిగించాలి. ఆపే ముందు ఓ పావుగంట ఫ్యాన్ మోడ్‌లో ఉంచితే కాయిల్ కొంత ఆరుతుంది. మురుగు కంపు అయితే నీళ్ళ పైపు చివర చూడండి. దాన్ని నేరుగా మురుగు గొట్టంలో దూర్చేస్తే ఆ గాలి పైపు పట్టుకుని గదిలోకి ఎక్కుతుంది. ఉన్నట్టుండి కుళ్ళు వాసన మొదలై రోజురోజుకీ పెరిగితే లోపల ఎలకో బల్లో చచ్చి ఉంటుంది.

వీటితో ఇబ్బందే గానీ రాత్రికి రాత్రి కొంప మునగదు. కమురు వాసన అలా కాదు. వైరు మీది ప్లాస్టిక్, మోటారు, కెపాసిటర్, ప్లగ్గు, వీటిలో ఏదో మాడుతోందని అర్థం. కొన్ని ప్లాస్టిక్‌లు వేడెక్కితే నీచు వాసన కూడా వస్తుంది. మన ఇళ్ళలో ముందు వంటింట్లో నెత్తళ్ళు వేయిస్తున్నారేమో కనుక్కోవాలి, అది వేరే సంగతి!

ఇక్కడ చాలామంది "ఏదైనా అయితే ఎంసీబీ పడిపోతుంది కదా" అని ధైర్యంగా ఉంటారు. లెక్క వేసి చూద్దాం. 1,500 వాట్లు తీసుకునే ఏసీకి 230 వోల్టుల దగ్గర సుమారు 6.5 ఆంప్స్ కరెంట్ వెళ్తుంది. ప్లగ్గులో ఒక స్క్రూ వదులై అక్కడ 1 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి. కరెంట్‌ని కరెంట్‌తోనే గుణించి రెసిస్టెన్స్‌తో గుణిస్తే, ఆ ఒక్క చోట దాదాపు 42 వాట్ల వేడి. మన ల్యాబ్‌లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! కరెంట్ మాత్రం పెరగలేదు, కాబట్టి ఎంసీబీకి తెలిసే దారి లేదు. ముందు తెలిసేది ముక్కుకే. రిమోట్‌తో ఆపితే సరిపోదు, ప్లగ్గుకి కరెంట్ అలాగే ఉంటుంది. ఎంసీబీ దించేసి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మళ్ళీ ఎత్తకండి.

"గ్యాస్ వాసన, గ్యాస్ నింపాలి" అన్న మాట కూడా వింటుంటాం. ఏసీల్లో వాడే ఆర్-32, ఆర్-410ఏ లాంటి గ్యాసులకి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది, పైపు మీద మంచు కడుతుంది, జాయింటు దగ్గర నూనె మరక కనబడుతుంది. పైగా ఆ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే, అది మూయకుండా నింపించుకుంటే డబ్బు దండగ.

నిజంగా గ్యాస్ కంపు కొడితే అనుమానించాల్సింది వంటింటి సిలిండర్ని. దానికి ఆ వాసన కావాలనే కలుపుతారు. అప్పుడు ఏ స్విచ్చీ వేయకూడదు, తీయకూడదు కూడా, ఏసీతో సహా. నిప్పురవ్వ చాలు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, బయటకి వచ్చేశాక 1906కి ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో హీట్ పంప్ ఇళ్ళవాళ్ళకీ ఇదే తంతు. మనం ముక్క వాసన అనేదాన్ని వాళ్ళు 'డర్టీ సాక్స్' అంటారు, మాసిన మేజోళ్ళ కంపు అని. చలికాలంలో మొదటిసారి హీటింగ్ వేస్తే, తోడుగా ఉండే కరెంట్ హీటర్ మీద చేరిన దుమ్ము కాలి కాసేపు మాడు వాసన వస్తుంది. అది కాసేపట్లో పోవాలి, పోకపోతే వాళ్ళూ బ్రేకర్ దించాల్సిందే. మంచు కరిగించుకునేటప్పుడు బయట యూనిట్ నుంచి తెల్లగా పొగలా లేస్తుంది. వాసన లేకపోతే అది ఉత్త ఆవిరే.