ఆరు నెలల వీసా, అరిగిన మోకాలు

అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. దారిలో నిటారుగా వచ్చే ఎక్కుడుకి మోకాళ్ల పర్వతం అని పేరు. యాభయ్యో ఏట గోవిందనామాలు చెప్పుకుంటూ ఆ ఎక్కుడు దాటేసిన తల్లి, డెబ్భయ్యో ఏట టెక్సస్‌లో కొడుకింటికి వచ్చి, పడగ్గది మేడ మీద ఉందని తెలిసి ఉసూరుమంటుంది. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో మనవాళ్లు కొనే ఇళ్లు చాలావరకు రెండంతస్తులవే. మెట్ల మీద మెత్తటి కార్పెట్. కాలు ఎక్కడ ఆనిందో పెద్దవాళ్లకి తెలియదు. అందుకే ఇల్లు చూడబోయేవాళ్లు తూర్పు వాకిలి, మంచి స్కూల్ ఉన్నాయో లేదో తేల్చుకున్నాక, అమ్మానాన్నలకి కింద ఒక గది, దానికో బాత్‌రూమ్ ఉన్నాయా అని అడుగుతారు.

2000 జనాభా లెక్కల్లో ఫ్రిస్కోలో ఉన్నది 33,714 మంది. 2020కి వాళ్లు 2,00,509 అయ్యారు. ఆ పెరుగుదలలో మన వాటా ఎంతో కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గర శనివారం పార్కింగ్ వెతుక్కున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఊరికి ఇంకో గుర్తింపు కూడా ఉంది: ఇది ఆటల ఊరు. డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు 2016లో తన కేంద్రాన్ని ఇక్కడి 'ద స్టార్'కి మార్చింది. దాని పక్కనే బేలర్ స్కాట్ అండ్ వైట్ వాళ్ల క్రీడా వైద్య కేంద్రం వచ్చింది. పిల్లల ఎముకల వైద్యానికి పేరున్న స్కాటిష్ రైట్ 2018లో ఇక్కడ రెండో ప్రాంగణం తెరిచింది. మరుసటి ఏడాది యూటీ సౌత్‌వెస్టర్న్‌తో కలిసి టెక్సస్ హెల్త్ ఆసుపత్రి మొదలైంది. ఎముకల డాక్టర్లకి ఈ ఊళ్లో కరువు లేదు. కరువల్లా రోజులకే.

చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులకి విమానాశ్రయంలో సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు. మొదటి నెల నిద్రలు కుదుటపడటానికి, రెండో నెల బంధువుల ఇళ్లకి, ఆ తర్వాత నయాగరాకి సరిపోతాయి. నాలుగో నెలలో అమ్మ మెట్ల మధ్యలో ఆగిపోతుంది. "ఇక్కడే చూపిద్దామా అమ్మా?" అంటాడు కొడుకు. "ఎందుకురా, రెండు నెలల్లో వెళ్లిపోతాగా, అక్కడ చూపించుకుంటాలే" అంటుంది ఆవిడ. ఈ సంభాషణ జరగని ఇల్లు తక్కువ. ఆవిడ అక్కడికి వెళ్లాక "వచ్చే ఏడు మళ్లీ వెళ్లాలిగా, ఇప్పుడెందుకు" అంటుంది. మోకాలు మాత్రం రెండు చోట్లా అరుగుతూనే ఉంటుంది.

గుజ్జు అరిగిందంటే

"గుజ్జు అరిగిపోయింది" అని మనం తేలిగ్గా అనేసే జబ్బు ఆస్టియో ఆర్థరైటిస్. ఎముకల కొసల మీద నున్నటి తొడుగులా ఉండే మృదులాస్థి పల్చబడుతుంది, చుట్టూ ఎముక ముళ్లలా పెరుగుతుంది, కీలు వాస్తుంది. ఎక్కువమందికి లోపలి వైపు ముందు అరుగుతుంది కాబట్టి కాళ్లు దొడ్డికాళ్లవుతాయి. అయితే ఎక్స్-రేలో కనిపించే అరుగుదలకీ మనిషి పడే నొప్పికీ అంత పొంతన ఉండదు. ఫిల్ము ఘోరంగా ఉన్నా చలాకీగా తిరిగేవాళ్లున్నారు, ఫిల్ము బాగానే ఉన్నా కుర్చీలోంచి లేవలేనివాళ్లున్నారు. చికిత్స చేయాల్సింది ఫిల్ముకి కాదు. పడుకోబెట్టి తీసిన ఎక్స్-రే కంటే నిలబెట్టి తీసినదే అసలు సంగతి చెబుతుంది. ఇండియా నుంచి ఫిల్ములు తెచ్చేవాళ్లు ఈ ఒక్క విషయం చూసుకోవాలి.

కీలులోకి కెమెరా గొట్టం పంపి కడిగి శుభ్రం చేస్తే బాగుపడుతుందని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకాన్ని పరీక్షకి పెట్టింది టెక్సస్‌లోనే. హ్యూస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో సర్జన్ బ్రూస్ మోస్లీ బృందం 180 మందిని మూడు జట్లు చేసింది. ఒక జట్టుకి కీలు గీకి శుభ్రం చేశారు. ఇంకో జట్టుకి కడిగారు. మూడో జట్టుకి మోకాలి మీద చర్మానికి గాట్లు పెట్టి కుట్లు వేశారు, లోపల ఏమీ చేయలేదు. తనకి ఏది జరిగిందో ఏ రోగికీ తెలియదు. రెండేళ్లు చూశారు. ఉత్తుత్తి ఆపరేషన్ అయినవాళ్లకీ నిజంగా అయినవాళ్లకీ నొప్పిలో తేడా లేదు. 2002లో ఈ ఫలితాలు వచ్చాక ఎముకల డాక్టర్ల లోకం ఉలిక్కిపడింది. అరిగిన మోకాలికి "చిన్న కీహోల్ చేద్దాం" అని ఇవాళ ఎవరైనా అంటే, ఎందుకని అడిగే హక్కు రోగికి ఆ 180 మంది ఇచ్చిపోయారు.

ఇంజెక్షన్ల కథా ఇంతే కలగాపులగం. స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు హాయినిస్తుంది. మూడు నెలలకోసారి రెండేళ్లపాటు పొడిచి చూసిన అధ్యయనంలో నొప్పి తగ్గకపోగా మృదులాస్థి ఇంకాస్త పల్చబడిందని 2017లో తేలింది. జిగురు ఇంజెక్షన్లుగా పేరుపడ్డ హయలురోనిక్ యాసిడ్‌ని అందరికీ మామూలుగా వాడొద్దని అమెరికా ఎముకల సర్జన్ల అకాడమీయే అంటోంది. రోగి రక్తంలోంచే తయారుచేసి ఇచ్చే పీఆర్‌పీ ఇంజెక్షన్ మీద సాక్ష్యం ఇంకా పల్చగానే ఉంది, బీమా సాధారణంగా దానికి డబ్బు ఇవ్వదు. మూలకణాలతో గుజ్జు మళ్లీ మొలిపిస్తామనే ప్రకటనలకి ఈ దేశపు ఔషధ సంస్థ ఆమోదం లేదు. వాట్సాప్‌లో వచ్చే వీడియోల్లో మాత్రం దేనికీ ఏ అనుమానమూ ఉండదు.

మరి గట్టి సాక్ష్యం దేనికి ఉంది? ఎవరికీ ఇష్టం లేని రెండింటికి: తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం. ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో లెక్కగట్టారు. వ్యాయామం చెప్పించుకోవడానికి ముందు డాక్టర్ చుట్టూ తిరగక్కర్లేదు కూడా. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో డాక్టర్ చీటీ లేకుండానే ఫిజియోథెరపిస్టు దగ్గర చికిత్స మొదలుపెట్టొచ్చు. చట్టం చెప్పిన రోజులు దాటాక చీటీ కావాలి. ఆరు నెలల వీసాకి ఇంత సరిగ్గా అతికే వైద్యం ఇంకోటి లేదు. నేర్చుకోవడానికి కొన్ని వారాలు, చేసుకోవడానికి మిగతా నెలలు. వేసవిలో బయట నడవలేకపోతే స్టోన్‌బ్రయర్ మాల్ ఉంది. లోపల చల్లగా ఉంటుంది, నేల చదునుగా ఉంటుంది, అలిసిపోతే బెంచీలూ ఉంటాయి.

సూట్‌కేసులో వచ్చే మందుల సంచీ సంగతీ చూడాలి. డోలో 650, ఇక్కడి టైలెనాల్ ఒకే మందు. రెండూ వేసుకుంటే కాలేయానికి ముప్పు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రల్ని బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లు నెలల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. పైపూతగా రాసే డైక్లోఫెనాక్ జెల్ 2020 నుంచి ఇక్కడ చీటీ లేకుండానే దొరుకుతోంది. చాలామందికి మాత్రకంటే అదే నయం.

మార్పిడి ఎక్కడ?

వీటన్నిటితో లాభం లేక, రాత్రి నిద్ర కూడా పట్టనప్పుడు కీలు మార్పిడి మాట వస్తుంది. ఇప్పుడు వాడే కృత్రిమ మోకాళ్లకి మూలమైన నమూనా 1974లో న్యూయార్క్‌లో రూపుదిద్దుకుంది. రూపకర్తల్లో ఒకరు మధ్యప్రదేశ్‌లో పుట్టిన చిత్తరంజన్ రణావత్. ప్రధానిగా ఉండగా వాజ్‌పేయికి 2000లో ఒక మోకాలు, 2001లో ఇంకోటి ముంబై బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో మార్చింది ఆయనే. పల్లెటూళ్లలో సైతం మోకాలి ఆపరేషన్ అంటే భయం కాస్త వదిలింది ఆ వార్తలతోనే. మన హైదరాబాద్‌లో ఆ భయాన్ని ఇంకొంచెం వదిలించినవాళ్లలో 'గురవాయణం' రాసిన సర్జన్ గురవారెడ్డి ఒకరు.

పెట్టిన కీలు ఎన్నాళ్లుంటుంది? వందకి ఎనభైకి పైగా పాతికేళ్లు పనిచేస్తున్నాయని 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన లెక్క. అయినా ఆపరేషన్ అయినవాళ్లలో ఐదుగురికి ఒకరు "అనుకున్నంత బాగాలేదు" అంటారు. కొత్త కీలుతో నడవొచ్చు, మెట్లెక్కొచ్చు. పీట మీద బాసింపట్టు వేసుకుని పూజ చేసుకోవడం చాలామందికి కుదరదు. ఆ సంగతి ముందే తెలిస్తే ఆ ఐదోమనిషి అసంతృప్తి కొంతైనా తగ్గుతుంది.

ఖర్చు దగ్గరికి వస్తే దారులు చీలిపోతాయి. విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా పాత జబ్బుకి చెల్లదు, అరిగిన మోకాలు పాత జబ్బే. గ్రీన్‌కార్డు మీద వచ్చినవాళ్లు 65 దాటినా, ఈ దేశంలో ఐదేళ్లు వరసగా ఉంటేనే మెడికేర్ కొనుక్కోగలరు. అప్పటిదాకా ఎక్కువమందికి మార్కెట్‌ప్లేస్ బీమాయే దారి. బీమా లేకుండా సొంత డబ్బుతో చేయించుకునేవాళ్లు ముందుగా రాతపూర్వక అంచనా అడిగి తీసుకోవచ్చు. 2022 నుంచి అది చట్టం ఇచ్చిన హక్కు. అదే ఇండియాలో 2017 ఆగస్టులో ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్ ధరకి కళ్లెం వేసింది. లక్షన్నర పైన పలికే కోబాల్ట్ క్రోమియం కీలు గరిష్ఠ ధర, పన్ను కాక, 54,720 రూపాయలకి దిగింది.

అయితే నేను డబ్బు కంటే ముందు చూడమనేది ఆపరేషన్ తర్వాతి మూడు నెలల్ని. ఆపరేషన్ గంటా రెండు గంటల పని, కొందరిని అదే రోజు ఇంటికి పంపేస్తున్నారు. మోకాలు వంగడం నేర్చుకునేది ఆ తర్వాతే. ఆ రోజుల్లో పక్కన ఎవరుంటారు? ఫ్రిస్కోలో ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో, కారు నడపలేని పెద్దావిడని వారానికి రెండుమూడుసార్లు ఫిజియోథెరపీకి ఎవరు తీసుకెళ్తారు? నెల్లూరులోనో నిజామాబాద్‌లోనో అయితే ఇంటికొచ్చే ఫిజియో, తోడుండే మనిషి, వంట చేసిపెట్టే వదినో మరదలో ఉండొచ్చు. అక్కడ ఎవరూ లేని తల్లికి మాత్రం ఇక్కడే నయం. ఆ తర్వాత ప్రయాణం మాట. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు వల్ల ఆపరేషన్ అయ్యాక సుదూర విమానయానం ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా వద్దంటారు. ఐదో నెలలో ఆపరేషన్ పెట్టుకుని ఆరో నెలలో టికెట్ ఉన్నవాళ్లు ఈ లెక్క వేసుకోరు.

నీళ్లు రాసిన ఎముకలు

నల్గొండ వైపు నుంచో, కనిగిరి, దర్శి, పొదిలి వైపు నుంచో వచ్చిన తల్లిదండ్రులున్న ఇళ్లవాళ్లు డాక్టర్‌కి తప్పక చెప్పాల్సిన సంగతొకటుంది: చిన్నప్పుడు తాగిన నీళ్లు. నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ ఎముకల్ని వంచేస్తోందని 1937లోనే వైద్యులు రాశారు. నల్గొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకునే వంకరని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 1973లో ప్రపంచానికి చెప్పింది. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక ఎక్స్-రేలో మామూలుకంటే తెల్లగా, దట్టంగా కనిపించొచ్చు. ఎముక సాంద్రత పరీక్షలో అంకె భేషుగ్గా రావచ్చు. అయినా ఎముక పెళుసే. నడుం, మెడ బిగుసుకుపోయిన పెద్దాయన్ని మామూలు వెన్ను అరుగుదల కింద జమకట్టేసే వీలుంది.

టెక్సస్‌కి ఇది బొత్తిగా తెలియని విషయమేం కాదు. ఆస్టిన్‌కి ఉత్తరాన బార్ట్‌లెట్ అనే చిన్న ఊళ్లో తాగునీటిలో లీటరుకి 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండేది. 1943లో ఒకసారి, 1953లో ఒకసారి అమెరికా ఆరోగ్య శాఖ ఆ ఊరివాళ్ల పళ్లూ ఎముకలూ పరీక్షించి, పొరుగున కామెరాన్ ఊరివాళ్లతో పోల్చింది. పళ్ల మీద మచ్చలు బాగా కనిపించాయి, ఎముకల్లో మార్పులు కొద్దిమందిలోనే. నల్గొండలో లాగా మనుషులు వంగిపోలేదు. ఎండలో కూలిపని చేస్తూ ఎక్కువ నీళ్లు తాగడం, తిండిలో కాల్షియం కొరవడటం మన దగ్గర ఆ విషాన్ని ఇంకా పెంచాయి. ఇప్పటి ఫ్రిస్కో డాక్టర్‌కి ఇది గుర్తుకొస్తుందనే నమ్మకం లేదు. చెప్పాల్సింది మనమే.

మిగతా ఇంటివాళ్లు

ల్యాప్‌టాప్ ముందు కూర్చునే కొడుకూ కోడలికి మెడ, నడుం నొప్పులు. చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకునేవే. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం మీద అదుపు పోయినా మాత్రం ఆ రోజే వెళ్లాలి. నలభై దాటాక జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవకపోతే అది ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి అది ఎన్నో రెట్లు ఎక్కువ. భుజం కోసం వెళ్లి షుగర్ బయటపడినవాళ్లూ ఉన్నారు.

పిల్లల సంగతి వేరు. 1921లో డాలస్‌లో పోలియో పిల్లల కోసం మొదలైన స్కాటిష్ రైట్ ఇప్పుడు ఫ్రిస్కోలో సాకర్ ఆడి మోకాలి లిగమెంట్ తెంపుకున్నవాళ్లనీ చూస్తోంది. ఆడపిల్లల్లో ఈ గాయం మగపిల్లల కంటే ఎక్కువ. వారంలో ఆట గంటలు పిల్లల వయసు అంకెని దాటకూడదని క్రీడా వైద్యులు చెబుతారు. పన్నెండేళ్ల పిల్లకి సాకర్, ఈత, కూచిపూడి అన్నీ కలిపి ఎన్ని గంటలవుతున్నాయో కూడి చూస్తే చాలామంది తల్లులు కంగారుపడతారు. అరమండిలో మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తే గురువుగారికి చెప్పడం తప్పేమీ కాదు. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ వేసే కుర్రాడికి నడుం నొప్పి వారాలపాటు తగ్గకపోతే వెన్నులో పగులు ఉందేమో చూడాలి.

ఆగని ఎముక

ఇంతవరకు చెప్పినవన్నీ కొన్నాళ్లు ఆగగలిగేవి. ఆగలేనిదొకటుంది. తడి బాత్‌రూమ్‌లో అమ్మమ్మ జారిపడి, లేవలేక, కాలు పొట్టిగా, పక్కకి తిరిగిపోయి కనిపిస్తే అది తుంటి ఎముక విరగడం. చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకి పరిగెత్తే అలవాటున్న కుటుంబాలకి కూడా ఇందులో కట్టు మాటే లేదు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు తుంటిని పట్టుకోలేవు. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరగాలి. ఆలస్యమైన కొద్దీ న్యుమోనియా, రక్తం గడ్డలు, మంచాన పడటం. "ఇండియా తీసుకెళ్లిపోదాం" అన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు.

అలాంటప్పుడు 911కి ఫోన్ చేయడమే. ఫ్రిస్కో రోడ్ల మీద ఎర్రటి 'ఎమర్జెన్సీ' బోర్డులతో కనిపించేవన్నీ ఆసుపత్రులు కావు. 2009 చట్టంతో టెక్సస్‌లో ఆసుపత్రికి అనుబంధం లేని ఎమర్జెన్సీ గదులు కూడా లైసెన్సుతో వెలిశాయి. బిల్లు ఎమర్జెన్సీదే, ఆపరేషన్ థియేటర్ మాత్రం ఉండదు. తుంటి విరిగినవాళ్లని అక్కడినుంచి మళ్లీ ఆసుపత్రికి తరలించాలి. మడమ బెణికినా, మణికట్టు వాచినా అర్జెంట్ కేర్ చాలు. ఎముకల కోసమే నడిచే వాక్-ఇన్ క్లినిక్కులూ ఉన్నాయి.

విజిటర్ ఇన్సూరెన్స్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే, అదీ సరైనది కొంటే. చవగ్గా దొరికే ఫిక్స్‌డ్ పాలసీలు ఒక్కో సేవకి ఇంత అని కట్టి ఊరుకుంటాయి. తుంటి ఆపరేషన్ బిల్లు ముందు ఆ మొత్తం ఎటూ చాలదు. కాంప్రహెన్సివ్ పాలసీలు పరిమితి దాకా బిల్లులో వాటా భరిస్తాయి. అయితే డెబ్భై దాటితే ఆ పరిమితినే కుదించేస్తారు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక డాక్టర్ని బోలు ఎముకల మందు అడగాలి. వారానికో మాత్రో, ఏడాదికో సూదో. విరిగిన ఎముకకి ఆపరేషన్ చేసి, రెండోది విరగకుండా చూసే ఈ మందు మాత్రం రాయకుండా పంపేయడం రెండు దేశాల్లోనూ మామూలే.