గాజు తెరలో ఉక్కు బంతి

పిన్‌బాల్ యంత్రం కాస్త వాలుగా అమర్చిన బల్ల. సాధారణంగా దాని ఆటస్థలం 42 అంగుళాల పొడవు, 20 అంగుళాల పైచిలుకు వెడల్పు ఉంటుంది; ఆటగాడి వైపుకు సుమారు ఆరున్నర డిగ్రీల వాలు. దానిమీద 80 గ్రాముల ఉక్కు బంతి దొర్లుతుంది. స్ప్రింగు బిగించిన ప్లంజర్‌ను లాగి వదిలితే బంతి పైకి దూసుకుపోయి, బంపర్లకూ టార్గెట్లకూ తగులుతూ, పాయింట్లు తెస్తూ కిందికి జారుతుంది. కింద అటూ ఇటూ ఉండే చిన్న తెడ్ల వంటి ఫ్లిప్పర్లు దాన్ని మళ్లీ పైకి కొడతాయి. వాటి సందులోంచి జారిపోతే ఆ బంతి పోయినట్టే. ఫ్లిప్పర్లు 1947లో గాట్లీబ్ కంపెనీవారి హంప్టీ డంప్టీ యంత్రంతో వచ్చాయి. అంతకుముందు ఆటలో అదృష్టానిదే పైచేయి. న్యూయార్క్ నగరం దీన్ని జూదంగా లెక్కగట్టి 1940ల నుంచి 1976 దాకా నిషేధించింది. ఆటకు నేర్పు తెచ్చింది ఫ్లిప్పరే. కంప్యూటర్లో పిన్‌బాల్ కట్టేవారు అన్నిటికన్నా ముందు పట్టుకోవలసింది ఆ నేర్పునే.

ఇలాంటి గేములకు బొమ్మల అందం చూసి మార్కులు వేయడం తేలిక. ఆట నిలిచేది మాత్రం మూడింటి మీద. మొదటిది బంతి: వాలులో క్రమంగా వేగం పుంజుకుంటోందా, రబ్బరుకు తగిలినప్పుడు ఒకలా, లోహానికి తగిలినప్పుడు ఇంకోలా తిరిగొస్తోందా? రెండోది ఫ్లిప్పర్. దాని మొదట్లో తగిలిన బంతి ఒక దిక్కుకు, కొసన తగిలిన బంతి మరో దిక్కుకు పోవాలి. క్యారమ్స్ ఆడేవారు స్ట్రైకర్ కోణాన్ని వేలితోనే పసిగట్టినట్టు, పిన్‌బాల్ ఆటగాడు ఆ క్షణాన్ని పసిగడతాడు. ఎత్తిపట్టిన ఫ్లిప్పర్ మీద బంతిని ఆపి, నిదానంగా గురిచూసి కొట్టడమూ కుదరాలి. మూడోది కుదుపు. అసలు ఆటలో బల్లను అరచేతులతో నెట్టి బంతి దారి మార్చవచ్చు. మరీ గట్టిగా నెడితే ‘టిల్ట్’ పడి ఫ్లిప్పర్లు పనిచేయవు. ఈ మూడూ కుదరని గేము ఎంత రంగులమయంగా ఉన్నా పిన్‌బాల్ అనిపించుకోదు.

1980ల తొలినాళ్ల ఇంటి కంప్యూటర్లకు ఇవి చాలా బరువైన కోరికలు. యాపిల్ 2, కమోడోర్ 64 వంటి యంత్రాల ప్రాసెసర్ వేగం సుమారు 1 మెగాహెర్ట్జ్. తెరను సెకనుకు 50 సార్లు మార్చాలంటే ఒక్కో మార్పుకు దక్కేది 20 వేల సైకిళ్లు మాత్రమే. వాటిలోని 6502 తరహా ప్రాసెసర్‌కు గుణకారం చేసే ఆదేశమే లేదు. కోణాలూ వేగాలూ అన్నీ కూడికలతో, ముందే వేసిపెట్టుకున్న పట్టికలతో తేల్చుకోవాలి. యాపిల్ 2 తెర ఎత్తు 192 చుక్కల గీతలు. 42 అంగుళాల బల్లను అందులో ఇరికిస్తే అంగుళం పైచిలుకు వ్యాసమున్న బంతికి దక్కేది ఐదు గీతలే. ఇంకో చిక్కు వేగం. ఒక మార్పుకూ మరో మార్పుకూ నడుమ బంతి గోడ మందానికి మించి జరిగితే, తాకినట్టు ప్రోగ్రాముకు తెలియకుండానే గోడ దాటిపోతుంది. అందుకే తొలి గేముల్లో బంతి కాస్త నెమ్మదిగా, బరువు లేనట్టు తేలుతూ కనిపిస్తుంది.

ఆ పరిమితుల్లోనే 1981లో బిల్ బడ్జ్ యాపిల్ 2 కోసం రాసిన రాస్టర్ బ్లాస్టర్ వచ్చింది. విలియమ్స్ కంపెనీ యంత్రం ఫైర్‌పవర్ దానికి ప్రేరణ. ఇంట్లోని చిన్న కంప్యూటర్ మీద బంతి ఇంత నమ్మకంగా దొర్లడం అప్పట్లో కొత్త. మరుసటి ఏడాది బ్రోడర్‌బండ్ సంస్థ తెచ్చిన డేవిడ్స్ మిడ్‌నైట్ మ్యాజిక్, విలియమ్స్‌వారి బ్లాక్ నైట్ బల్ల పోలికలు పుణికిపుచ్చుకుంది. డేవిడ్ స్నైడర్ రాసిన ఈ గేములో పై అంతస్తుకు వేరే ఫ్లిప్పర్లు ఉండటంతో ఆటకు లోతు పెరిగింది. అదే 1982లో ఫ్లయిట్ సిమ్యులేటర్ సృష్టికర్త బ్రూస్ ఆర్ట్‌విక్ నైట్ మిషన్ పిన్‌బాల్ రాశాడు. బల్ల తీరును ఆటగాడే అంకెలు మార్చి సవరించుకునే వీలు అందులో ఉంది. విమానాన్ని లెక్కలతో ఎగరేసినవాడు బంతినీ అదే శ్రద్ధతో చూశాడు. ఆ మూడింటిలో భౌతికశాస్త్రం మీద ఎక్కువ పట్టు చూపింది ఇదే అనవచ్చు. చూపులకు మాత్రం మిడ్‌నైట్ మ్యాజిక్‌దే అందం.

బడ్జ్ తరువాతి పని అంతకన్నా గొప్పది. పిన్‌బాల్ కన్‌స్ట్రక్షన్ సెట్‌ను మొదట తన సొంత సంస్థ ద్వారా అమ్మాడు. 1983లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన తొలి గేముల్లో ఒకటిగా విడుదల చేసింది. తెరకు ఒక పక్క ఖాళీ బల్ల, మరో పక్క విడిభాగాలు. చెయ్యి ఆకారంలోని గుర్తుతో బంపర్‌నో ఫ్లిప్పర్‌నో పట్టుకొని కావలసిన చోట వదలవచ్చు. గోడల్ని లాగి వంకర్లు తిప్పవచ్చు, రంగులు వేయవచ్చు. ఏయే టార్గెట్లు పడితే ఎన్ని పాయింట్లో తీగలు కలిపినట్టు జతచేయవచ్చు. గురుత్వాకర్షణను, వేగాన్ని, గోడల సాగుడు గుణాన్ని పెంచి తగ్గించవచ్చు. తయారైన బల్లను ఫ్లాపీ మీద వేసి స్నేహితులకు ఇస్తే, ఆ సెట్టు లేకపోయినా వారు ఆడుకోగలరు. మౌస్ చాలామంది చూడని రోజుల్లో, 48 కిలోబైట్ల మెమరీలో ఇదంతా ఇమిడింది. తీర్చిదిద్దిన బల్లగా చూస్తే ఇందులో తయారయ్యేవి మిడ్‌నైట్ మ్యాజిక్‌కు సాటిరావు. కానీ గురుత్వాన్ని తగ్గించి, బంతి ఎలా మారుతుందో కళ్లారా చూసిన పిల్లవాడికి పాఠ్యపుస్తకం ఇవ్వలేని అవగాహన దొరికింది. ఈ జాబితాలో చరిత్రను నిజంగా మలుపు తిప్పినది ఇదే.

తరువాతి పెద్ద అంగ స్వీడన్‌లో పడింది. డిజిటల్ ఇల్యూజన్స్ అనే సంస్థ కుర్రాళ్లు ‘ది సైలెంట్స్’ అనే డెమో బృందం నుంచి వచ్చారు. అమిగా కంప్యూటర్‌తో తెరమీద విన్యాసాలు చేయించడమే అలాంటి బృందాల సాధన. 1992లో వారు చేసిన పిన్‌బాల్ డ్రీమ్స్ బల్లను తెరలో ఇరికించడం మానేసింది. బల్ల తెరకన్నా పొడుగు. బంతితోపాటు దృశ్యం పైకీ కిందికీ జరుగుతుంది. అమిగా చిప్పులు తెరను తామే జరపగలవు గనుక 7 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ లెక్కలకు మిగిలింది. కదలిక ఎక్కడా తడబడదు. బంతికి మొదటిసారి బరువు వచ్చింది. ఇగ్నిషన్, స్టీల్ వీల్, బీట్ బాక్స్, నైట్‌మేర్ అనే నాలుగు బల్లలకూ వేరువేరు స్వభావం, వేరువేరు సంగీతం. ఉలోఫ్ గుస్తాఫ్సన్ బాణీలు ఇప్పటికీ వినదగ్గవే.

అయితే ఈ పద్ధతికి ఒక మూల్యముంది. బంతి పైన ఉన్నప్పుడు కింది ఫ్లిప్పర్లు కనబడవు. పైనుంచి వేగంగా పడే బంతికి సిద్ధపడే వ్యవధి తక్కువ. రెండు మూడు బంతులు ఒకేసారి ఆడే మల్టీబాల్‌కూ జరిగే తెర అడ్డే, ఎందుకంటే దృశ్యం ఏ బంతి వెంట పోవాలి? మల్టీబాల్ ఈ వరుసలో 1995 నాటి పిన్‌బాల్ ఇల్యూజన్స్‌లో గాని రాలేదు. మధ్యలో వచ్చిన పిన్‌బాల్ ఫాంటసీస్, బల్లల రూపకల్పనలో మూడింటిలోకీ మేటి. పార్టీ ల్యాండ్ ఒక్కటి చాలు ఆ మాట నిలబెట్టడానికి. తరువాత ‘డైస్’ పేరుతో బ్యాటిల్‌ఫీల్డ్ గేములు చేసింది ఈ బృందమే.

పీసీల మీద జేమ్స్ ష్మాల్జ్ రాసిన ఎపిక్ పిన్‌బాల్ 1993లో షేర్‌వేర్‌గా ఊరూరా తిరిగింది. అది హుషారైన గేమే గాని బంతి డ్రీమ్స్ స్థాయిలో లేదు. 1995లో మొదలైన ప్రో పిన్‌బాల్ వరుస ఒక్కో గేముకు ఒక్కటే బల్ల ఇచ్చింది. ఆ ఒక్కదాన్నీ అసలు యంత్రంలా నియమాలతో సహా చెక్కింది. 1997 నాటి టైమ్‌షాక్ ఇప్పుడు ఆడినా పాతబడినట్టు అనిపించదు. బంతి విషయంలో పాత కంప్యూటర్లు అందుకున్న శిఖరం అదే.

తెలుగువారిలో చాలామందికి మాత్రం కంప్యూటర్ పిన్‌బాల్ అంటే విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన స్పేస్ క్యాడెట్. ఇది సినిమాట్రానిక్స్ తయారుచేయగా మాక్సిస్ 1995లో అమ్మిన ఫుల్ టిల్ట్ పిన్‌బాల్‌లోని మూడు బల్లల్లో ఒకటి. కొద్దిగా కుదించి మైక్రోసాఫ్ట్ విండోస్‌లో చేర్చింది. మెట్టు మెట్టుగా పెరిగే హోదాలు, మిషన్లు దీని బలం. బల్లంతా ఒకే చూపులో కనబడుతుంది, జరిగే తెర ఇబ్బంది లేదు. ఫ్లిప్పర్ గురి కూడా బాగానే కుదురుతుంది. కీబోర్డుతో బల్లను కుదపవచ్చన్న సంగతి తెలియకుండానే ఏళ్ల తరబడి ఆడినవారున్నారు. విండోస్ విస్టాలో ఇది కనబడకపోవడానికి మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ చెప్పిన కారణం ఇది: 64 బిట్లకు మార్చినప్పుడు తాకిడి లెక్క చెడి, బంతి ప్లంజర్‌లోంచే జారి బల్ల అడుగునుంచి పడిపోయేది. వ్యాఖ్యలు లేని ఆ పాత కోడ్‌లో తప్పెక్కడుందో దొరకలేదు. 2021లో ఔత్సాహికులు ఆ ప్రోగ్రామును విడదీసి కోడ్‌ను తిరిగి రాబట్టడంతో స్పేస్ క్యాడెట్ ఇప్పుడు లినక్స్ మీదా నడుస్తోంది. యాపిల్ 2, అమిగా గేములు ఎమ్యులేటర్లలో ఆడవచ్చు.