కానుగ నూనెతో నడిపే బండికి పంపే ప్రాణం

కానుగ నూనెతో డీజిల్ ఇంజను నడపడం వింతేమీ కాదు. 1900లోనే పారిస్ ప్రదర్శనలో వేరుశనగ నూనెతో ఇంజను నడిపి చూపారు. 2000 తరువాత ఆదిలాబాద్ జిల్లా గిరిజన గూడేల్లో కానుగ నూనెతో జనరేటర్లు నడిచాయి.

ఇందుకోసం పాత పికప్ కొనే రైతులు రంగు, టైర్లు చూసి మోసపోరాదు. ముందు బానెట్ ఎత్తి పంపు చూడాలి. మెకానికల్ పంపులో ఇన్‌లైన్ రకం మేలు. దానికి ఇంజను ఆయిలే జిడ్డునిస్తుంది. కామన్ రైల్ బండి జోలికి పోరాదు. దాని సన్నని ఇంజెక్టర్లు చిక్కని నూనెకు ఓర్వలేవు.

పొద్దున్నే చల్లని ఇంజను వెంటనే అందుకుంటే కంప్రెషన్ బాగున్నట్టే. అమ్మేవారు ముందే వేడిచేసి ఉంచితే అనుమానించాలి.

పచ్చినూనె డీజిల్ కంటే సుమారు పదింతలు చిక్కన. అందుకే రెండు ట్యాంకులు కావాలి. డీజిల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక నూనెకు మార్చి, ఆపేముందు మళ్లీ డీజిల్‌కు రావాలి. నూనెను బయోడీజిల్‌గా మార్చి పోస్తే రెండో ట్యాంకు అక్కర్లేదు. కాని పాత రబ్బరు పైపులు మార్చాలి. ట్యాంకు మడ్డి కదిలి మొదట్లో ఫిల్టరు మూసుకుపోతుంది.

మార్పుకు ముందే రవాణా శాఖ అనుమతి అడగాలి. అప్పు తెచ్చి కొన్న బండి షెడ్డుకెక్కితే వాయిదాలు ఆగవు.