తక్కువ ఎత్తు గలవారికి సైక్లోక్రాస్ ఫ్రేము ఎంపిక: కొలతల పరిశీలన

వ్యాస సంగ్రహం:
సైక్లోక్రాస్ పోటీలకు తగిన ఫ్రేమును ఎంచుకోవడంలో తక్కువ ఎత్తు గలవారికి ఎదురయ్యే ఇబ్బందులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఫ్రేము చిన్నదైనా చక్రం చిన్నది కాకపోవడమే ఈ ఇబ్బందులకు మూలం. దానిని అధిగమించడానికి తయారీదారులు చేసే సర్దుబాట్లు ఏ కొలతలలో దాగి ఉంటాయో, కొనేవారు ఏ కొలతను ముందుగా చూడాలో ఉదాహరణలతో నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: సైక్లోక్రాస్, ఫ్రేము, రీచ్, ఫ్రంట్ సెంటర్, చక్రం, క్రాంకు.

1. ప్రవేశిక:
సైక్లోక్రాస్ శరత్కాలంలోను, శీతకాలంలోను జరిగే సైకిలు పందెం. బెల్జియం, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ దేశాలలో దీనికి విశేషమైన ఆదరణ ఉంది. బురద, ఇసుక, పచ్చిక, మెట్లు, చెక్క అడ్డంకులు ఉన్న దారిలో పోటీదారు కొంతసేపు తొక్కుతాడు. తొక్కడం వీలుకాని చోట కిందికి దూకి సైకిలును భుజాన వేసుకొని పరుగెత్తుతాడు. డానియెల్ గూసో చొరవతో 1902లో ఫ్రాన్స్‌లో తొలి జాతీయ పోటీ జరిగింది. 1950లో పారిస్‌లో జరిగిన తొలి ప్రపంచ పోటీలో జాన్ రోబిక్ విజేతగా నిలిచాడు. 1947లో టూర్ ది ఫ్రాన్స్ గెలిచిన ఈ రోబిక్ ఎత్తు 161 సెం.మీ. మాత్రమే. కాబట్టి ఈ క్రీడకు ఎత్తు తక్కువ కావడం అనర్హత కాదని దాని తొలి ప్రపంచ విజేతే నిరూపించాడు. మహిళల ప్రపంచ పోటీలు 2000లో మొదలయ్యాయి. 150 నుంచి 163 సెం.మీ. ఎత్తు గలవారికి సరైన ఫ్రేము ఏది అన్నది నేడు చాలామందికి సంబంధించిన ప్రశ్న.

2. మారని చక్రం, మారే ఫ్రేము:
సైక్లోక్రాస్‌లో సాధారణంగా వాడేది 700సి చక్రం. రిమ్ముపై టైరు కూర్చునే చోట దీని అడ్డుకొలత 622 మి.మీ. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) నియమం ప్రకారం టైరు వెడల్పు 33 మి.మీ. మించరాదు. అంత వెడల్పు టైరు వేస్తే చక్రం అడ్డుకొలత సుమారు 688 మి.మీ., వ్యాసార్ధం 344 మి.మీ. అవుతుంది. 185 సెం.మీ. ఎత్తు గలవారికీ, 155 సెం.మీ. ఎత్తు గలవారికీ చక్రం ఇదే. ఫ్రేము కుదించుకుపోయినకొద్దీ పెడళ్లకూ ముందు చక్రానికీ మధ్య ఉండే ఖాళీ తగ్గిపోతుంది. చిన్న ఫ్రేములలోని లోపాలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

3. ముందు చక్రానికి పాదం తగలడం:
క్రాంకు ఇరుసు నుంచి ముందు చక్రం ఇరుసు వరకు గల దూరాన్ని ఫ్రంట్ సెంటర్ అంటారు. ఒక చిన్న ఫ్రేములో ఇది 580 మి.మీ. ఉన్నదనుకుందాం. అందులోంచి చక్రం వ్యాసార్ధం 344 తీసివేస్తే 236 మి.మీ. మిగులుతుంది. క్రాంకు పొడవు 170 మి.మీ., పెడల్ ఇరుసుకు ముందుగా బూటు కొన 100 మి.మీ. ఉంటే పాదానికి కావలసిన చోటు 270 మి.మీ. అంటే 34 మి.మీ. తక్కువ పడుతుంది. ఇది స్థూలమైన లెక్కే అయినా సమస్య తీవ్రతను తెలుపుతుంది.

రోడ్డు పందెంలో వేగంగా మలుపు తిరిగేటప్పుడు సైకిలును పక్కకు వంచుతారు. హ్యాండిల్ తిప్పేది స్వల్పం. సైక్లోక్రాస్‌లో నడక వేగంతో, హ్యాండిల్‌ను బాగా తిప్పి, తొక్కుతూనే మలుపు తిరగవలసి వస్తుంది. అప్పుడు బూటు చక్రానికి తగిలితే పోటీదారు పడిపోతాడు. తనకు నైపుణ్యం చాలలేదని అనుకుంటాడు. నిజానికి లోపం ఫ్రేముది.

దీనిని నివారించడానికి తయారీదారులు హెడ్ ట్యూబును మరింత వాలుగా అమరుస్తారు. మిగిలిన కొలతలు మార్చకుండా హెడ్ ట్యూబు కోణాన్ని 72 డిగ్రీల నుంచి 70కి తగ్గిస్తే ముందు ఇరుసు సుమారు 18 మి.మీ. ముందుకు జరుగుతుంది. అయితే దీనికి మూల్యం ఉంది. హ్యాండిల్ తిరిగే అక్షం నేలను తాకే చోటుకూ, టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరమైన ట్రెయిల్, ఫోర్కు ఆఫ్‌సెట్ 45 మి.మీ. ఉన్నప్పుడు, 64 నుంచి 77 మి.మీ.కు పెరుగుతుంది. దానితో తక్కువ వేగంలో ముందు చక్రం పక్కకు ఒరిగిపోతున్నట్లుంటుంది. ఆఫ్‌సెట్‌ను 52 మి.మీ. చేస్తే ట్రెయిల్ 70 మి.మీ.కు దిగుతుంది. కనుక కోణాన్నీ ఆఫ్‌సెట్‌నూ కలిపి చూడాలి.

4. టాప్ ట్యూబు కొలత దాచే నిజం:
ఫ్రేము పొడవును తెలపడానికి టాప్ ట్యూబు కొలతను అడ్డంగా లెక్కించి చూపడం పరిపాటి. ఇది సీటు ట్యూబు కోణం మీద ఆధారపడిన కొలత. క్రాంకు ఇరుసు నుంచి హెడ్ ట్యూబు పైకొన వరకు గల అడ్డ దూరం రీచ్, నిలువు దూరం స్టాక్. రెండు ఫ్రేములకు స్టాక్ 520 మి.మీ., టాప్ ట్యూబు 520 మి.మీ. అనుకుందాం. సీటు ట్యూబు కోణం 73 డిగ్రీలైన ఫ్రేములో రీచ్ 361 మి.మీ.; 75 డిగ్రీలైన దానిలో 381 మి.మీ. కాగితం మీద రెండూ సమానమే. కాని క్రాంకుకు వెనుక సీటు ఎంత దూరాన ఉండాలో నిర్ణయించేది కాలి పొడవు. రెండో ఫ్రేములో సీటును ఆ స్థానానికి వెనక్కి జరిపితే హ్యాండిల్ 20 మి.మీ. దూరమవుతుంది. చిన్న సైజులలో సీటు ట్యూబును నిటారుగా నిలిపి టాప్ ట్యూబును పొట్టిగా చూపడం తరచు కనిపించేదే. కాబట్టి ఫ్రేములను పోల్చడానికి రీచ్, స్టాక్ మాత్రమే నమ్మదగినవి.

5. కాళ్ల మధ్య ఎత్తు, భుజం మీద మోత:
టాప్ ట్యూబు వెనక్కి వాలి ఉంటే నేలపై కాళ్లు ఆనించి నిలబడడం సులభం. అయితే అదే వాలు ఫ్రేము లోపలి త్రికోణాన్ని ఇరుకు చేస్తుంది. సైకిలును భుజాన వేసుకునేటప్పుడు చేయి దూర్చవలసింది ఆ త్రికోణంలోకే. ఈ రెండు అవసరాలూ పరస్పర విరుద్ధాలు. సైక్లోక్రాస్‌లో సీటు మీదుగా కాలు తిప్పి ఒక పక్కకు దిగుతారు కనుక, నిలబడేందుకు చాలినంత ఖాళీ ఉంటే ఆపైన త్రికోణానికే ప్రాధాన్యం ఇవ్వడం సమంజసం.

క్రాంకు ఇరుసు ఎత్తు కూడా గమనించదగినది. చక్రాల ఇరుసుల కంటే అది 55 మి.మీ. కిందికి ఉంటే నేల నుంచి 289 మి.మీ. ఎత్తులో, 70 మి.మీ. కిందికి ఉంటే 274 మి.మీ. ఎత్తులో ఉంటుంది. పాత యూరోపియన్ ఫ్రేములలో ఇది ఎత్తుగా ఉండేది. అప్పుడు సీటు కూడా ఎత్తవుతుంది. పరుగెత్తుతూ దూకి ఎక్కవలసిన పొట్టివారికి ఆ 15 మి.మీ. భారమే.

6. చిన్న చక్రం పరిష్కారమా?
650బి చక్రం రిమ్ము అడ్డుకొలత 584 మి.మీ. 33 మి.మీ. టైరుతో వ్యాసార్ధం 325 మి.మీ. అవుతుంది. దీనికి 165 మి.మీ. క్రాంకు జోడిస్తే పైన చూపిన 34 మి.మీ. కొరత 10 మి.మీ.కు తగ్గుతుంది. టైరుతో కలిపి చక్రం అడ్డుకొలత 55 నుంచి 70 సెం.మీ. మధ్య ఉండాలనీ, రెండు చక్రాలూ సమానంగా ఉండాలనీ యూసీఐ నియమం. కనుక 650బి చెల్లుతుంది. అమెరికాలో జార్జీనా టెర్రీ 1980లలో ముందు మాత్రమే చిన్న చక్రం గల సైకిళ్లను స్త్రీల కోసం తయారుచేసింది. ఆ ఉపాయం వాడుకకు మేలైనదే కాని యూసీఐ పోటీలకు చెల్లదు.

2010లో డిస్కు బ్రేకులకు అనుమతి లభించాక ఒకే ఫ్రేములో వేరొక చక్రం వేయడం సులభమైంది. అయినా 700సి కోసం రూపొందించిన ఫ్రేములో 650బి వేస్తే క్రాంకు ఇరుసు 19 మి.మీ. కిందికి దిగి, పెడళ్లు గాడులకూ వేళ్లకూ తగులుతాయి. చిన్న చక్రం కోసమే గీసిన ఫ్రేము అయితేనే లాభం.

7. ఎంపిక క్రమం:
పై చర్చ ఆధారంగా ఈ క్రమాన్ని సూచించవచ్చు.

అ) బూట్లు లేకుండా కాలి లోపలి కొలత తీసుకోవాలి. దానిని 0.883తో గుణిస్తే క్రాంకు ఇరుసు నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 72 సెం.మీ. కాలికి ఇది 63.6 సెం.మీ.
ఆ) ఇప్పటికే సౌకర్యంగా ఉన్న సైకిలు రీచ్, స్టాక్‌లతో కొత్త ఫ్రేమును పోల్చాలి.
ఇ) ఫ్రంట్ సెంటర్ నుంచి చక్రం వ్యాసార్ధం తీసివేసి పాదానికి మిగిలే చోటు లెక్కించాలి.
ఈ) వీలైతే పందెపు బూట్లతో సైకిలెక్కి, క్రాంకును నేలకు సమాంతరంగా నిలిపి, హ్యాండిల్ తిప్పి చూడాలి. ఆపై సైకిలును భుజాన వేసుకొని నాలుగడుగులు నడవాలి.
ఉ) చివరగా పొట్టి క్రాంకు, తక్కువ వెడల్పు హ్యాండిల్, వేళ్లకు అందేలా సర్దుకునే బ్రేకు లీవర్లు చూసుకోవాలి. ఇవి తరువాత మార్చుకోదగినవి. ఫ్రేము కోణాలు మార్చుకోలేనివి.

8. ముగింపు:
చిన్న ఫ్రేము అంటే కుదించిన పెద్ద ఫ్రేము కాదు. మారని చక్రం చుట్టూ మారే శరీరాన్ని అమర్చే వేరొక రూపకల్పన అది. సైజు అంకె, టాప్ ట్యూబు కొలత ఆ రూపకల్పన మంచిచెడ్డలను చెప్పలేవు. రీచ్, ఫ్రంట్ సెంటర్, హెడ్ ట్యూబు కోణం, లోపలి త్రికోణం చెప్పగలవు. వాటిని చదవగలిగినవారు తమ శరీరాన్ని నిందించుకోవలసిన పనిలేదు; తమకు సరిపోని ఫ్రేమును కొనకుండా వదిలేయగలుగుతారు.