గోడ కదలకూడదు, బొమ్మ కదలాలి: ఇటుకల సినిమా వెనుక భౌతికశాస్త్రం

ఒక నిమిషం సినిమా. సెకనుకు 12 ఫొటోల లెక్కన 720 ఫొటోలు. ప్రతి ఫొటోకు ముందు బొమ్మను కాస్త జరిపి, చెయ్యి వెనక్కి తీసుకుని, షట్టర్ నొక్కడానికి ఒక నిమిషం పడుతుందనుకుంటే మొత్తం 12 గంటల పని. ఆ 12 గంటల్లో బొమ్మ వందల సార్లు కదలాలి. దాని చుట్టూ ఉన్న గోడలు, నేల, మెట్లు, చెట్లు మాత్రం ఒక్కసారి కూడా కదలకూడదు. ప్లాస్టిక్ ఇటుకలతో స్టాప్ మోషన్ సినిమా తీసేవాళ్ల అసలు కష్టం ఇక్కడే ఉంది. బొమ్మను కదపడానికి ఓపిక చాలు. మిగతాదంతా కదలకుండా ఉంచడానికి సెట్ కట్టే తీరు తెలియాలి.

ఇటుకల సెట్‌ను చాలామంది అలంకరణగా చూస్తారు. కానీ తీసేవాళ్లకు అది కొలబద్ద కూడా. దూరాన్ని, వేగాన్ని, పడిపోయే వస్తువు త్వరణాన్ని దాని మీదే కొలుచుకోవాలి. అందుకే ఈ ఆట వెనుక హైస్కూలు భౌతికశాస్త్రం చాలానే దాగి ఉంది.

బఠాణీ మొక్క నుంచి చంద్రయాత్ర దాకా

ఒక్కో ఫ్రేమ్ విడిగా తీసి, వరసగా చూపిస్తే మెదడు వాటిని కలుపుకుని కదలికగా అర్థం చేసుకుంటుంది. మన దేశంలో ఈ కిటుకును తొలినాళ్లలోనే వాడుకున్నవారు దాదాసాహెబ్ ఫాల్కే. 'రాజా హరిశ్చంద్ర' కంటే ముందే, 1912లో, కుండీలో బఠాణీ గింజ నాటి, అది మొలకెత్తి పెరగడాన్ని రోజుల తరబడి ఒక్కో ఫ్రేమ్‌గా చిత్రించారు. 1915లో అగ్గిపుల్లలను కదిలించి ఒక చిన్న చిత్రం తీశారు. మొదటిదాంట్లో మొక్క తనంతట తాను పెరిగింది, కెమెరా కదలకుండా ఉంటే చాలు. రెండోదాంట్లో ప్రతి కదలికనూ మనిషి చెయ్యే లెక్కగట్టి చేయాలి. ఇటుకల సినిమా ఈ రెండో కోవకు చెందినది.

ఇప్పుడు మనం చూస్తున్న ఇటుక రూపానికి డెన్మార్క్‌లోని బిలుండ్ పట్టణానికి చెందిన లెగో సంస్థ 1958 జనవరిలో పేటెంట్ దరఖాస్తు చేసింది. ఆ తర్వాత పదిహేనేళ్లకు, 1973లో, అదే దేశంలో లార్స్ హాసింగ్, హెన్రిక్ హాసింగ్ అనే బంధువుల పిల్లలు ఆ ఇటుకలతో చంద్రయాత్ర మీద సూపర్ 8 ఫిల్మ్‌తో చిన్న సినిమా తీశారు. ఇప్పటివరకు తెలిసిన ఇటుకల సినిమాల్లో తొలివాటిలో అదొకటి. ఆస్ట్రేలియాకు చెందిన లిండ్సే ఫ్లే 1985లో మొదలుపెట్టిన 'ది మ్యాజిక్ పోర్టల్' పూర్తి కావడానికి 1989 దాకా పట్టింది.

పట్టుకోవాలి, అడిగితే వదలాలి

ఇంత ఓపికైన పనికి ఈ ఇటుకే ఎందుకు నచ్చింది? సమాధానం దాని పట్టులో ఉంది. ఇటుక పైన ఉండే బొడిపె వ్యాసం 4.8 మిల్లీమీటర్లు. పై ఇటుక లోపల దానికి దొరికే చోటు అంతకంటే రవ్వంత ఇరుకు. రెండింటినీ నొక్కినప్పుడు పై ఇటుక గోడలు కంటికి కనిపించనంత వంగి, స్ప్రింగులా బొడిపెను పట్టుకుంటాయి. ఆ ఒత్తిడి వల్ల పుట్టే ఘర్షణే ఇటుకలను కలిపి ఉంచుతుంది. జిగురు లేదు, మర లేదు. లాగితే ఊడి వస్తుంది, గోడలు మళ్లీ పాత ఆకారానికి చేరుకుంటాయి.

ఇందుకు తగిన పదార్థం ఏబీఎస్ ప్లాస్టిక్. 1963 నుంచి లెగో ఇటుకలను దీనితోనే చేస్తున్నారు. ఇందులోని అక్రిలోనైట్రైల్ గట్టిదనాన్ని, బ్యూటాడయీన్ రబ్బరు దెబ్బను తట్టుకునే గుణాన్ని, స్టైరీన్ మెరుపును ఇస్తాయి. అచ్చు కొలతలో మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల తేడా వచ్చినా పట్టు మారిపోతుంది. ఇటుక వదులైతే బొమ్మను తాకినప్పుడు గోడ కూడా ఊగుతుంది. మరీ బిగుతైతే బొమ్మను తీసేటప్పుడు నేల కూడా లేచి వస్తుంది. చవకగా దొరికే ఇటుకలు కొనేవాళ్లు ఇరవై ఇటుకల స్తంభం కట్టి, అడ్డంగా పట్టుకుని చూడాలి. మధ్యలో వంగి విడిపోతే వాటిని కెమెరాకు దూరంగా, వెనుక గోడకు వాడుకోవడం మంచిది.

8 మిల్లీమీటర్ల గంతు

ఒక బొడిపె మధ్య నుంచి పక్క బొడిపె మధ్యకు 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6, పలుచటి ప్లేటు ఎత్తు అందులో మూడో వంతు, అంటే 3.2 మిల్లీమీటర్లు. బొమ్మ మనిషి ఎత్తు సుమారు 40 మిల్లీమీటర్లు. అతన్ని 1.7 మీటర్ల మనిషిగా ఊహించుకుంటే, ఆ ప్రపంచం మన ప్రపంచం కంటే సుమారు 42 రెట్లు చిన్నది. ఆ లెక్కన ఒక ప్లేటు ఎత్తు మన 13 సెంటీమీటర్లకు సమానం. దాదాపు ఇంటి మెట్టు ఎత్తు. అందుకే ప్లేట్లతో కట్టిన మెట్లు బొమ్మకు సరిగ్గా అమరినట్టు కనిపిస్తాయి.

ఇప్పుడు నడక సంగతి చూద్దాం. మామూలుగా మనం సెకనుకు 1.3 మీటర్లు నడుస్తాం. దాన్ని 42తో భాగిస్తే సెకనుకు 31 మిల్లీమీటర్లు. సెకనుకు 12 ఫ్రేములైతే, ఒక్కో ఫ్రేముకు 2.6 మిల్లీమీటర్లు. కానీ బొడిపెల నేల మీద బొమ్మను ఒక బొడిపె నుంచి పక్కదానికి జరిపితే అది ఒకేసారి 8 మిల్లీమీటర్లు గెంతుతుంది. ప్రతి ఫ్రేముకూ అలా జరిపితే ఆ బొమ్మ గంటకు 14 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నట్టే. మూడు ఫ్రేములకు ఒకసారి జరిపితే సగటు వేగం సరిపోతుంది గానీ నడక కుదుపులుగా కనిపిస్తుంది.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు బొమ్మ నడిచే దారిలో బొడిపెలు లేని నున్నటి టైల్స్ పరుస్తారు. అక్కడ ఎంత దూరమైనా జరపవచ్చు. అయితే అక్కడ పట్టు ఉండదు కాబట్టి, పోస్టర్లు అంటించే మెత్తటి జిగురు ముద్దను ఆవగింజంత పాదం కింద పెడతారు. మధ్యలో ఒకే బొడిపె ఉన్న ప్లేట్లు వాడితే గంతు సగానికి, 4 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. టైల్స్ పక్కనే ఉన్న బొడిపెల వరుస దూరం కొలిచే స్కేలుగా పనికొస్తుంది.

పడిపోవడానికి ఎంతసేపు?

పది ఇటుకల గోపురం మీద నుంచి బొమ్మ పడాలి. ఎత్తు 96 మిల్లీమీటర్లు. నిజంగా వదిలేస్తే 0.14 సెకనులో కింద పడుతుంది. మన సినిమాలో అది రెండు ఫ్రేములు కూడా కాదు. రెప్పపాటులో పడిపోతే చూసేవాళ్ల మెదడు 'ఇది చిన్న బొమ్మ' అని వెంటనే పసిగడుతుంది. ఆ గోపురం బొమ్మ ప్రపంచంలో 4 మీటర్ల ఎత్తు. 4 మీటర్ల నుంచి పడటానికి 0.9 సెకను, అంటే 11 ఫ్రేములు పడుతుంది. పొడవు 42 రెట్లు తగ్గితే కాలం దాని వర్గమూలం మేరకు, అంటే ఆరున్నర రెట్లు తగ్గుతుంది. చిన్న నమూనాలతో వరదలు, పేలుళ్లు తీసిన పాత సినిమాల్లో కెమెరా వేగాన్ని పెంచి తీసింది కూడా ఈ లెక్క ప్రకారమే.

మరి ఆ 11 ఫ్రేముల్లో దూరాన్ని ఎలా పంచాలి? సమానంగా పంచితే బొమ్మ లిఫ్టులో దిగుతున్నట్టు ఉంటుంది. పడే వస్తువు సమాన కాల వ్యవధుల్లో ప్రయాణించే దూరాలు 1, 3, 5, 7 అంటూ బేసి సంఖ్యల నిష్పత్తిలో పెరుగుతాయని గెలీలియో చెప్పారు. మొదటి 11 బేసి సంఖ్యల మొత్తం 121. 96ను 121తో భాగిస్తే దాదాపు 0.8. అంటే మొదటి ఫ్రేములో 0.8 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో 2.4, మూడోదాంట్లో 4, అలా పెరుగుతూ చివరి ఫ్రేములో 16.8. ఇలా దించితే బొమ్మకు బరువు ఉన్నట్టు కనిపిస్తుంది.

గాలిలో బొమ్మను నిలపడానికి సన్నటి తీగ కడతారు. తర్వాత ఖాళీ సెట్ ఫొటో సాయంతో కంప్యూటర్‌లో ఆ తీగను చెరిపేస్తారు. ఆ ఖాళీ ఫొటో తీసిన తర్వాత సెట్ ఏమాత్రం కదిలినా చెరిపిన చోట అతుకు తెలిసిపోతుంది.

ఒక పిక్సెల్ పగవాళ్లు

32 బొడిపెల సెట్ వెడల్పు 256 మిల్లీమీటర్లు. 1920 పిక్సెళ్ల వెడల్పున్న వీడియోలో అది తెర నిండా ఉంటే, ఒక పిక్సెల్ అంటే 0.13 మిల్లీమీటర్లు. మోచెయ్యి తగిలి సెట్ ఒక మిల్లీమీటరు జరిగితే తెర మీద ఏడెనిమిది పిక్సెళ్ల కుదుపు. అందుకే సెట్‌ను బల్లకు, బల్లను గోడకు ఆనించి బిగిస్తారు. కెమెరాను చేత్తో ముట్టకుండా రిమోట్‌తో నొక్కుతారు. పాత ఫ్రేమును మసకగా కొత్త దృశ్యం మీద చూపించే యాప్‌లు కదిలిన సెట్‌ను తిరిగి పాత చోటికి చేర్చడానికి సాయపడతాయి.

వేడికీ సెట్ కదులుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 0.09 మిల్లీమీటర్లు సాగుతుంది. దీపాల కింద సెట్ 5 డిగ్రీలు వేడెక్కితే, ఒక అంచు బల్లకు బిగించి ఉన్న 256 మిల్లీమీటర్ల సెట్ రెండో అంచు 0.115 మిల్లీమీటర్లు జరుగుతుంది. దాదాపు ఒక పిక్సెల్. అందుకే దీపాలు వేసి కాసేపు ఆగి మొదలుపెట్టడం, మధ్యలో ఆర్పకపోవడం మేలు.

వెలుగుది ఇంకో చిక్కు. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. కాబట్టి కిటికీ పక్కన తీసిన సినిమాలో నీడలు పాకుతాయి. కిటికీ మూసి బల్బు వేస్తే మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో కొన్ని బల్బుల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టర్ కాలం 1/60 సెకను అయితే ఒక్కో ఫొటోలో ఒక్కో మోతాదు వెలుగు పడి సినిమా మినుకుమినుకుమంటుంది. 1/50 లేదా 1/25 పెడితే ప్రతి ఫొటోలో పూర్తి సంఖ్యలో హెచ్చుతగ్గులు ఇమిడి, వెలుగు నిలకడగా వస్తుంది. ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయాలి. నున్నటి ఇటుకలు అద్దంలా మెరుస్తాయి కాబట్టి తీసేవాళ్లు ముదురు రంగు బట్టలు వేసుకుంటారు.

కెమెరా చూసినంతే కట్టాలి

సెట్‌లోకి చెయ్యి దూరాలి. మనిషి అరచేయి వెడల్పు 8 లేదా 9 సెంటీమీటర్లు, అంటే సుమారు 11 బొడిపెలు. గది కనీసం 16 బొడిపెల వెడల్పు ఉంటేనే గోడకు తగలకుండా బొమ్మను అందుకోగలం. పైకప్పు వద్దు, కెమెరా వైపు గోడ వద్దు. తెర మీద కనపడని చోట అట్టముక్క సరిపోతుంది. కెమెరాను బొమ్మ కంటి ఎత్తుకు దించి, కాస్త వెనక్కి జరిపి, ఎపర్చర్ తగ్గిస్తే ముందూ వెనుకా స్పష్టంగా వచ్చి, సెట్ పెద్దదిగా కనిపిస్తుంది.

2014లో వచ్చిన 'ది లెగో మూవీ' దాదాపు మొత్తం కంప్యూటర్‌లో తయారైంది. అక్కడ ఇటుకలు వేడికి సాగవు, ఎవరి మోచెయ్యీ తగలదు. అయినా నిజమైన ఇటుకల్లా నమ్మించడానికి వాటి మీద వేలిముద్రలు, గీతలు, దుమ్ము పనిగట్టుకుని చేర్చారు. బల్ల మీద సెట్ కట్టేవాళ్లకు అవన్నీ అడగకుండానే వస్తాయి.

పడే బొమ్మ లెక్కను తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టవచ్చు. ఒక ఫోన్, యాభై అరవై ఇటుకలు, ఒక స్కేలు చాలు. సమాన దూరాలతో ఒకసారి, బేసి సంఖ్యలతో ఒకసారి, పదకొండేసి ఫొటోలు తీసి పక్కపక్కన చూపించాలి. రెండింటిలో ఏది నిజంగా పడుతున్నట్టుందో పిల్లలు ఇట్టే చెప్పేస్తారు. ఆ తర్వాత త్వరణం అంటే ఏమిటో చెబితే, వాళ్లు తమ చేత్తో చేసిందే వింటున్నట్టు ఉంటుంది.