ఆవిరిని బంధించు బొగ్గుడబ్బా

వాహనమును కొనినవాడు దానిని తన అభిరుచికి అనుగుణముగా మార్చుకొనగోరుట సహజము. ఎడ్లబండ్ల కాలమున చక్రములకు రంగులు దిద్దినవారును, ఎడ్ల మెడలకు గంటలు కట్టినవారును ఉండిరి. నేటి మోటారు సైకిలు యజమాని హ్యాండిలును మార్చును, సైలెన్సరును మార్చును, తుదకు ఇంజను త్రాగు ఇంధనపు పాళ్లను గూడ మార్చును. ఈ మార్పులన్నియు ఒక కోవలోనివి కావు. రంగు మార్చినచో అది యజమాని ఇష్టము. ఇంజను ఊపిరిని మార్చినచో అందు ఇరుగుపొరుగువారికిని భాగము కలదు. ఆ భాగమెంతటిదో తెలిసికొనుటకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు మోటారు సైకిలు చక్కని నిదర్శనము.

ఆ దేశమున ఒకే కంపెనీ ఒకే మోటారు సైకిలును రెండు విధములుగా తయారుచేయుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. కాలిఫోర్నియాకు ఒకటి, తక్కిన 49 రాష్ట్రములకని వాడుకలో చెప్పబడునది మఱియొకటి. చూపునకు రెండును కవల పిల్లలే. కాని కాలిఫోర్నియా బండిలో ఒక నల్లని డబ్బాయు, దానికి తగిలించిన రబ్బరు గొట్టములును అదనముగా కనబడును.

ఈ భేదమునకు కారణము ఆ సీమ యొక్క నైసర్గిక స్థితి. లాస్ ఏంజిలిస్ నగరము సముద్రమునకును కొండలకును నడుమ పళ్లెమువలె అమరియున్నది. పైని వెచ్చని గాలి మూతవలె కప్పుటచే క్రింది గాలి పైకి పోజాలదు. 1943 జూలైలో ఒకనాడు ఆ నగరమును దట్టమైన పొగ క్రమ్మగా జనుల కండ్లు మండెను, గొంతులు పట్టుకొనెను. యుద్ధకాలమగుటచే శత్రువులు విషవాయువును ప్రయోగించిరని భయపడినవారును కలరు. పాసడీనాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో అనాసపండు వాసనను గూర్చి పరిశోధించుచుండిన హాగెన్‌స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతమున దీని గుట్టు విప్పెను. మండని పెట్రోలు ఆవిరియు, నైట్రోజన్ ఆక్సైడులును సూర్యరశ్మిలో కలిసి ఓజోనును పుట్టించుచున్నవని ఆయన నిరూపించెను. కంటికి కానరాని ఆవిరియే కంటిని మండించుచున్నదన్నమాట! 1967లో ఆ రాష్ట్రమున వాయు వనరుల మండలి ఏర్పడెను. దానికి తొలి అధ్యక్షుడు హాగెన్‌స్మిటే. దేశమంతటికి ఒకే నియమమున్నను కాలిఫోర్నియా మాత్రము అంతకంటె కఠినమైన నియమమును చేసికొనుటకు ఆ యేటి కేంద్ర శాసనము వీలు కల్పించెను.

ఇక ఆ నల్లడబ్బా సంగతి. నిలిపియుంచిన బండి గాలిని చెఱుపదని మనము తలంతుము. అది భ్రమ. ఎండకు ట్యాంకు వేడెక్కగా పెట్రోలు ఆవిరియై వెలికి పోవును; రాత్రి చల్లబడగా ట్యాంకు బయటి గాలిని పీల్చుకొనును. కాలిఫోర్నియా బండిలో ఆ వెలువడు ఆవిరి గొట్టముగుండ డబ్బాలోనికి చేరును. అందు ప్రత్యేకముగా సిద్ధపఱచిన బొగ్గు ఉండును. దాని సూక్ష్మరంధ్రములు ఆవిరిని పట్టియుంచును. ఇంజను నడచునప్పుడు మఱియొక గొట్టము ఆ ఆవిరిని లాగుకొని సిలిండరులో దహింపజేయును; బొగ్గు మరల ఖాళీయగును. గాలిలో కలియవలసిన పెట్రోలు ఈ రీతిని బండికే అక్కఱకు వచ్చుచున్నది.

మఱి ఇట్టిదానిని యజమానులు ఏల ఊడబెఱుకుచున్నారు? వారి చిరాకులు అబద్ధములు కావు. ట్యాంకును అంచువఱకు నింపినచో పెట్రోలే డబ్బాలోనికి పాఱి బొగ్గును తడిపివేయును. ఆపై ఇంజను మొరాయించును. ఏండ్లు గడచిన కొలది గొట్టములు బిగిసి పగులును. ట్యాంకును దింపిన ప్రతిసారియు ఏ గొట్టము ఎచ్చటిదో పోల్చుకొనవలెను. దీనికితోడు పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు, పొరుగు రాష్ట్రపు బండి ఎక్కువ బలము గలదను నమ్మకమొకటి. కాని డబ్బాకును ఇంజను బలమునకును సంబంధము లేదనియే చెప్పవచ్చును. పాత బండ్లు చలిలో తడబడుటకు సాధారణమైన కారణము, పొగ నియమములకై కార్బ్యురేటరులో పెట్రోలు పాలును తగ్గించియుండుట. నేరము ఒకరిది, శిక్ష మఱియొకరికి!

ఊడబెఱుకుటలోను చిక్కులు కలవు. ఇంజనువైపు రంధ్రమును మూయకున్నచో గాలి అదనముగా చొరబడి ఇంజను నిలకడ తప్పును. ట్యాంకు ఊపిరి గొట్టమును తెలియక బిగించినచో లోపల శూన్యమేర్పడి, పెట్రోలు దిగక, బండి నడిదారిలో ఆగిపోవును.

ఇటీవలి బండ్లలో పెట్రోలు పాళ్లను కంప్యూటరు నిర్ణయించుచున్నది. తూకమున ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్లు గాలి ఉన్నప్పుడే పొగగొట్టములోని ఉత్ప్రేరకము మూడు జాతుల విషవాయువులను ఒక్కమాఱే అణపగలదు. ఆ లెక్కను మార్చు పరికరములు బజారున లభించును. అట్టివానిని సుమారు 3,40,000 అమ్మినదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హార్లీ డేవిడ్‌సన్ కంపెనీపై అభియోగము తెచ్చెను. 2016 ఆగస్టులో ఆ కంపెనీ, తప్పును ఒప్పుకొనకయే, 1 కోటి 20 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను.

కాలిఫోర్నియా చట్టము మార్పులన్నింటిని కాదనలేదు. మండలి పరీక్షించి అనుమతి సంఖ్య ఇచ్చిన భాగములను నిరభ్యంతరముగా అమర్చుకొనవచ్చును. కాలుష్య నిరోధక సాధనమును తొలగించుట మాత్రము నిషిద్ధము. అయినను కార్లకు గల నియతకాలిక పొగ పరీక్ష అచ్చట మోటారు సైకిళ్లకు లేదు. డబ్బా ఉన్నదో లేదో చూచువారు అరుదు. కావున ఈ నియమపు భారము చాలవఱకు యజమాని మనస్సాక్షిపైననే ఉన్నది.

ఇది దూరదేశపు ముచ్చటయని త్రోసివేయరాదు. భారత్ స్టేజి 4 నియమములతో ఇట్టి బొగ్గుడబ్బా మన మోటారు సైకిళ్లకును వచ్చినది. 2020 ఏప్రిల్ 1 నుండి స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చినవి. వేసవిలో విజయవాడ ఎండకు నిలిచిన బండి ట్యాంకు ఎంత కాగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. పొగ పరీక్షా కేంద్రమువారు కొలుచునది సైలెన్సరునుండి వచ్చు వాయువునే. ట్యాంకు ఆవిరిని కాదు. అనుమతి లేని మార్పునకు ఆరు నెలల వఱకు జైలుగాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధించుటకు 2019 నాటి మోటారు వాహనముల చట్ట సవరణ వీలిచ్చుచున్నది. ఐనను శిక్షాభయముకంటె తెలివిడి మేలు.

చేయవలసినది కష్టమేమియు కాదు. పెట్రోలును ట్యాంకు మెడకు కొంత దిగువనే ఆపవలెను. పగిలిన గొట్టములను మార్పింపవలెను. డబ్బా తడిసి చెడినచో క్రొత్తది వేయింపవలెను. మెకానిక్కు తీసివేయుదునన్నచో వలదనవలెను. బండి మనదే. దాని ప్రక్కగా బడికి నడచిపోవు పిల్లలు పీల్చు గాలి మనది మాత్రమే కాదు.